డి నొక్కితే

కుల్యాష్ కుడిచేతిలో పట్టకారు ఉంది, పట్టకారు కొనన సగం బియ్యపుగింజంత చిప్పు ఉంది. వదిలిందంటే మళ్ళీ నేలమీద మోకాళ్ళూని దేవులాడుకోవాలి. అందుకని ఎప్పటిలాగే ఎడమచేత్తో ఆల్ట్, డి మీటలు కలిపి నొక్కింది. కర్సరు వెళ్ళి బ్రౌజరు పైపట్టీలో కూర్చుంది. మళ్ళీ ఒక డి కొట్టి, ఖాళీ వదిలింది. ఇక చిప్పు మీది నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, దాని డేటాషీటు, అంటే ఏ కాలు ఏ పని చేస్తుందో చెప్పే పత్రం, తెర మీదికి వచ్చేస్తుంది. ఆమె నంబరు మొదలుపెట్టేలోపే పట్టీ కింద పాత వెతుకులాటలన్నీ వరసగా జారాయి.

పైనున్న మూడూ ఆమె వెతికినవి కావు.

చిప్పుని మెల్లిగా మూతలో పెట్టి, భూతద్దం దీపం పక్కకి తోసి, తెరకి దగ్గరగా వంగి చూసింది. ఆ నంబర్లున్న పార్టులు ఆ వారం ఆమె బల్ల మీదికి రాలేదు. అసలు ఆ వర్క్‌షాపుకే రాలేదు. అక్కడికి వచ్చేవన్నీ బాయిలర్ల బోర్డులు, వెల్డింగ్ మిషన్ల బోర్డులు, లారీ కేబిన్లలో పెట్టుకునే డీజిల్ హీటర్ల బోర్డులు. ఆమె తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పి కిటికీ పక్క బల్ల వైపు చూసింది.

అక్కడ ఎర్మెక్ గుగ్గిలం పొగలో ముఖం పెట్టి, ఏదో పాట కూనిరాగం తీస్తూ బోర్డుకి సీసం పెడుతున్నాడు. ఏమీ ఎరగని మనిషి పాడుకునే రాగంలాగే ఉంది. అదే ఆమెకి అనుమానం కలిగించింది.

పోయిన సోమవారం దాకా అయితే ఆమె ఇలా ఆలోచించేది కాదు. సోమవారం టీ తాగుతూ యజమాని బాగ్దాత్ కప్పులోకి చూస్తూ చెప్పాడు. "మంచు కరిగాక ఈ గది వదిలేస్తున్నాం. ముందు గది ఒక్కటే ఉంటుంది. అందులో ఒక్క బల్లే పడుతుంది." ఏ బల్లో చెప్పలేదు. కుల్యాష్ అడగలేదు, ఎర్మెక్ అడగలేదు. కరగండా ఊళ్ళో బోర్డులు బాగుచేసే పని యాభై దాటిన ఆడమనిషికి ఇంకెవరిస్తారు? ఆ రోజు నుంచి ఎర్మెక్ చేసే ప్రతి పని వెనకా ఆమెకి ఇంకో పని కనిపించడం మొదలైంది.

"అక్కా, మళ్ళీ రష్యన్‌లో కొడుతున్నావా?" ఎర్మెక్ తల ఎత్తకుండానే అన్నాడు. "గొణుగుడు వినిపిస్తోంది."

"నా వేళ్ళు బళ్ళో రష్యన్ నేర్చుకున్నాయి. ఈ వయసులో వాటికి ఇంగ్లీషు చెప్తే వినవు."

"అందుకే కదా ఆ అక్షరానికి కూడా పెట్టాను. నువ్వు ఏ భాషలో తిట్టినా డేటాషీటు వస్తుంది."

నిజమే, ఈ ఏర్పాటంతా అతనిదే. అంతకుముందు ఒక్క చిప్పు గురించి తెలుసుకోవాలంటే పట్టకారు కింద పెట్టి, జిగురు చేతులు గుడ్డకి తుడుచుకుని, వెబ్‌సైటు పేరంతా కొట్టి, దారిలో ఎగబడే ప్రకటనలన్నీ దాటుకుని వెళ్ళాల్సి వచ్చేది. ఎర్మెక్ దాన్ని ఒక్క అక్షరానికి కుదించాడు. వర్క్‌షాపు పేరున ఒక ఖాతా తెరిచి మూడు కంప్యూటర్లలోనూ అదే పెట్టాడు. కీబోర్డుని ఇంగ్లీషుకి మార్చడం కుల్యాష్ ఎప్పుడూ మరిచిపోతుంది కాబట్టి, అదే మీట రష్యన్‌లో ఇచ్చే 'వ' అక్షరానికీ అదే దారి కట్టాడు. శరదృతువులో ఆమె తన ఇంటి లాప్‌టాప్ తెచ్చి, "దీనికీ పెట్టు, ఇంటి దగ్గర అలవాటు చేసుకుంటాను," అంటే మారుమాట లేకుండా అదే ఖాతా పెట్టిచ్చాడు.

నా కంప్యూటరు ముందు ఎవరో కూర్చుంటున్నారు, అని కుల్యాష్ తేల్చుకుంది. ఎవరో ఏమిటి, ఉన్నది ఒక్కడే.

మధ్యాహ్నం ఆమె, బాగ్దాత్ మూలమీది హోటల్లో సూప్ తాగడానికి వెళతారు. ఎర్మెక్ కొన్నాళ్ళుగా రావడం లేదు. "బౌర్సాకు రొట్టెలు తెచ్చుకున్నాను, టీలో ముంచుకు తింటాను," అంటున్నాడు. ఆ రోజు వెళ్ళేముందు కుల్యాష్ సీసపు తీగ ముక్క ఒకటి తుంచి, వెంట్రుకలా సాగదీసి, కీబోర్డు మీద డి మీటకి అడ్డంగా పెట్టింది. ఊపిరి తగిలినా జరిగేంత పలచటి తీగ.

హోటల్లో ఆమె సూప్ సగం వదిలేసింది.

"ఒంట్లో బాగాలేదా అక్కా?" అన్నాడు బాగ్దాత్.

"బాగానే ఉంది. ఎర్మెక్ కూడా వస్తే బాగుండేది కదా."

"అతనికి మన మొహాలు మొత్తినట్టున్నాయి," అని నవ్వాడు బాగ్దాత్. కుల్యాష్ నవ్వలేదు.

తిరిగొచ్చి చూస్తే తీగ పెట్టినచోటే ఉంది. తీగ తీసి డి కొట్టింది. జాబితాలో ఇంకో రెండు కొత్త నంబర్లు. ఎవరూ ముట్టని కీబోర్డు మీద ఎవరు వెతికారు? సాయంత్రం దాకా పని మీద మనసు నిలవలేదు. ఒక బాయిలరు బోర్డుకి కెపాసిటరు తిరగేసి పెట్టి, అది టప్‌మని పేలితే ఎర్మెక్ ఉలిక్కిపడి, "అక్కా! యుద్ధమా?" అన్నాడు.

కోటు గుండీలు పెట్టుకుంటుండగా బుర్రలో వెలిగింది. ఖాతా ఒకటే కదా! అతను తన బల్ల దగ్గర కొట్టింది ఇక్కడ కనిపిస్తోంది. అంటే అతను ఏం వెతికినా ఇక్కడ కూర్చుని చూడొచ్చు. కుల్యాష్‌కి గొప్ప సంతోషం కలిగింది. దొంగ ఇంటికి తన దగ్గరే కిటికీ ఉన్నట్టు అనిపించింది. ఆ కిటికీలోంచి అటువాళ్ళకి తన ఇల్లు కూడా కనిపిస్తుందన్న ఆలోచన మాత్రం ఆమెకి రాలేదు. ఎదుటివాణ్ణి కనిపెట్టే పనిలో ఉన్నవాళ్ళకి అలాంటివి తట్టవు.

అప్పటి నుంచి ఆమె రోజూ డి కొట్టి ఆ నంబర్లు ఒక్కొక్కటే తెరిచి చదివింది. గాలి ఒత్తిడి కొలిచే సెన్సరు ఒకటి. కవాటాలు తెరిచి మూసే చిప్పు ఒకటి. చిన్న కంప్రెసరు మోటారు నడిపేది ఇంకొకటి. ముప్పై ఏళ్ళ చేతిపని అనుభవం ఉన్న మనిషికి ఎముకలు చూస్తే జంతువు తెలియదా? గాలిని లోపలికి లాగి, జల్లెడ పట్టి, ఆక్సిజన్ మాత్రం బయటికి పంపే మిషను అది. రోగుల మంచాల పక్కన పెట్టేది. వర్క్‌షాపు పుస్తకంలో అలాంటిది రాసి లేదు. ఎర్మెక్ బల్ల కింద మాత్రం గోనెగుడ్డ కప్పిన పెట్టె ఒకటి ఉంది.

"ఏమిటా పెట్టె?" అంది ఒకసారి, మామూలుగా అడిగినట్టు.

"పాత సామాను అక్కా."

"పాత సామానుకి గుడ్డ కప్పడం దేనికి?"

"చలి కదా," అన్నాడు ఎర్మెక్ నవ్వుతూ. ఆ నవ్వు ఆమెకి అస్సలు నచ్చలేదు.

బయటిపని చేస్తే ఊరుకోనని బాగ్దాత్ మొదటిరోజే ఇద్దరికీ చెప్పాడు. ఇంటిదారిలో నడుస్తూ కుల్యాష్ ఆ మాటే నెమరేసుకుంది. వంటగది బల్ల మీద ఆమె కోసం ఎదురుచూస్తున్న లారీ హీటరు బోర్డు బయటిపని కాదా అంటే, ఆమె దృష్టిలో కాదు. అది తమ్ముడు సాకెన్ తెచ్చింది. తమ్ముడి పని బయటిపని ఎలా అవుతుంది? సాకెన్‌తో పాటు లారీలు తోలేవాళ్ళు కూడా తమ్ముళ్ళ కిందే లెక్క. పైగా డబ్బు తీసుకోదు. చలికాలానికి గుర్రాన్ని కోసినప్పుడు వాళ్ళు తలా ఇంత మాంసం తెచ్చిస్తే కాదనదు, అంతే. స్తెప్పీ మైదానం మధ్యలో, మంచుతుఫానులో హీటరు ఆగిపోతే డ్రైవరు తెల్లారేసరికి కొయ్యబారిపోతాడు. ఇది పుణ్యం, అనుకునేది కుల్యాష్.

ఆ బోర్డు ఆమెని చాలా సతాయించింది. కాలిపోయిన చిప్పు మరీ చిన్నది, దాని మీద పూర్తి నంబరు పట్టక తయారుచేసినవాళ్ళు నాలుగక్షరాల గుర్తు మాత్రం వేసి వదిలారు. ఆ గుర్తు కొట్టి వెతికితే చెప్పుల దుకాణాలు వచ్చాయి, విమానాల వేళలు వచ్చాయి, చిప్పు మాత్రం రాలేదు. రెండు మూడు సాయంత్రాలు కొట్టి కొట్టి వదిలేసింది. సాకెన్ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు.

"అక్కా, ఆ డ్రైవరు ఉత్తరానికి బయల్దేరాలి. అవుతుందా అవదా?"

"నీకు తొందరైతే నువ్వే ఊది వెలిగించుకో," అని ఫోను పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం, పిండి పిసికిన చేతిని తుడుచుకోకుండా, చివరిసారి చూద్దామని ఆ నాలుగక్షరాలే కొట్టింది. ఎంటర్ నొక్కగానే జాబితా గీబితా లేకుండా సూటిగా డేటాషీటు తెరుచుకుంది. అదే చిప్పు, అవే కాళ్ళు, కింద దానికి బదులు వాడదగ్గ ఇంకో చిప్పు పేరు కూడా. "ఇంటర్నెట్‌కి కూడా మనసుంటుంది," అనుకుంది కుల్యాష్. సాయంత్రానికి హీటరు వెలిగింది, డ్రైవరు ఉత్తరానికి వెళ్ళాడు. ఎలా దొరికిందని ఆమె మళ్ళీ ఆలోచించలేదు. ఆ మనిషికి ఉన్న అనుమానమంతా ఎర్మెక్ మీదే ఖర్చయిపోయింది మరి.

మంగళవారం ఆమె బాగ్దాత్ చెవిన వేసింది. వేసిన తీరు కూడా చెప్పాలి. ముందు గదిలోకి వెళ్ళి, స్క్రూలు కావాలని అడిగి, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"బాగ్దాత్, మనం ఆక్సిజన్ మిషన్లు కూడా తీసుకుంటున్నామా?"

"లేదే. మనుషుల ప్రాణాలతో ముడిపడ్డ సామాను మనకొద్దని చెప్పానుగా. ఎందుకు?"

"ఏం లేదు. వాటి పార్టులు వెతికినట్టు కనిపిస్తేనూ. నాకెందుకులే."

నాకెందుకులే అన్న ఆ ఒక్క మాటతో పని పూర్తయింది. బాగ్దాత్ లేచి లోపలికి వచ్చాడు. నేరుగా ఎర్మెక్ బల్ల దగ్గరికి వెళ్ళి, వంగి గోనెగుడ్డ లాగాడు. మిషను తెల్లగా, పొట్ట విప్పుకుని కూర్చుని ఉంది.

"ఎవరిది ఎర్మెక్ అన్నా?"

ఎర్మెక్ సీసం పెట్టే ఐరన్‌ని స్టాండులో పెట్టాడు. "మా భవనంలోనే ఉండే పెద్దాయనది. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. మొదట నీ దగ్గరికే తెచ్చాను, నువ్వు వద్దన్నావు."

"వద్దన్నాక కూడా నా కప్పు కింద చేస్తావా? రేపు ఆయనకేమైనా అయితే పోలీసులు ఎవరి గుమ్మం ఎక్కుతారు?"

"అన్నం వేళలో చేశాను. పార్టులు నేనే కొన్నాను."

"నేను పార్టుల గురించి అడగడం లేదు. మాట గురించి అడుగుతున్నాను." బాగ్దాత్ మెడ ఎర్రబడింది. తనకంటే పెద్దవాణ్ణి అనాల్సి రావడం అతనికి బాధగానే ఉంది, అందుకే గొంతు ఇంకా పెరిగింది. "ఈ చలికాలం లారీ హీటర్లు ఎందుకు రావట్లేదా అని తల బద్దలు కొట్టుకుంటున్నాను. పోయినేడు వరసకట్టి నిలబడేవాళ్ళు. అవి కూడా నీ చేతికే పోతున్నాయా?"

కుల్యాష్ చేతిలోని బోర్డు మీదికి తల వంచేసింది.

ఎర్మెక్ తన తెర వైపు చూశాడు. తర్వాత కిటికీ అద్దం మీద పేరుకున్న మంచు వైపు చూశాడు.

"చెప్పు!"

"అవీ నేనే," అన్నాడు.

కుల్యాష్‌కి ముందు ఊపిరి తేలికపడింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. అంటే వీడూ హీటర్లు చేస్తున్నాడన్నమాట! సాకెన్ స్నేహితుల్లో కొందరు ఈమధ్య రాకపోవడానికి కారణం ఇదన్నమాట! పైకి ఎంత మెత్తన, లోపల ఎంత లోతు! తను చెప్పడం ఎంత మంచిదైందో అనుకుంది.

ఎర్మెక్ తన సామాను సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పట్టకార్లు గుడ్డలో చుట్టాడు, మీటరు తీగలు మడిచాడు, బల్లని చేత్తో తుడిచాడు. మిషనుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకకి ఎత్తుకున్నాడు. కుల్యాష్ బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"వెళ్ళొస్తా అక్కా. అక్షరం మార్చడం మరిచిపోయినా ఏం కాదు, పని చేస్తుంది."

"ఆఁ, ఆఁ," అంది ఆమె, మొహం ఎత్తకుండా.

శుక్రవారం దాకా బాగ్దాత్ లోపలి గదిలోకి రాలేదు. కుల్యాష్ ఒక్కతే పని చేసింది. గదిలో కూనిరాగం లేదు. తను రష్యన్‌లో కొట్టి గొణిగినా ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం హోటల్లో బాగ్దాత్, ఆమె ఎదురెదురుగా కూర్చుని చెంచాల చప్పుడు వింటూ తిన్నారు. ఆమె గెలిచిందనే చెప్పాలి. మరి గెలిచిన మనిషికి సూప్ ఎందుకు సహించలేదో!

శుక్రవారం బాగ్దాత్ వచ్చి అన్నాడు, "అక్కా, నువ్వు కిటికీ బల్లకి మారిపో. వెలుతురు బాగుంటుంది. అతని కంప్యూటర్లో అతను పెట్టుకున్న అడ్డమైన దారులన్నీ తుడిచెయ్. కొత్త తాళం వేసినట్టుండాలి. అయ్యాక చెప్పు, నేనూ చూస్తాను."

కుల్యాష్ వెళ్ళి ఎర్మెక్ కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఆమెకి ఎత్తయింది, కాళ్ళు నేలకి అందలేదు. బ్రౌజరు అమరికలు తెరిచి, షార్ట్‌కట్లన్నీ ఉండే పేజీకి వెళ్ళింది. మొదట డి ఉంది. దాని కింద రష్యన్ వ ఉంది. ఆ కింద ఇంకా చాలా ఉన్నాయి, ఆమె ఎప్పుడూ చూడనివి. అన్నీ నాలుగేసి అక్షరాల గుర్తులు. ఇవేనా వీడి సొంత వ్యాపారం, అనుకుని కళ్ళద్దాలు సవరించుకుంది.

మూడో గుర్తు ఆమెకి తెలుసు. వంటగదిలో, భూతద్దం కింద, రెండు మూడు సాయంత్రాలు చూసి చూసి కంఠతా వచ్చిన గుర్తు. దానికి ఎదురుగా డేటాషీటు చిరునామా ఉంది. చిరునామా పక్కన, ఏ దారో గుర్తుండడానికి పెట్టుకునే పేరు దగ్గర, ఎర్మెక్ రాసుకున్నది ఉంది: కుల్యాష్ అక్క హీటరుకి.

కిందవన్నీ అలాంటివే. అక్క హీటరుకి, రెండోది. అక్కకి, ఇది దొరక్క వారం తిప్పలు పడింది. అక్కకి. అక్కకి.

ఆమె చివరిదాకా చదివింది. తర్వాత పైపట్టీలోకి వెళ్ళి రష్యన్ వ కొట్టి ఖాళీ వదిలింది. జాబితా జారింది. శరదృతువు నుంచి ఆమె ఇంట్లో కూర్చుని వెతికినవన్నీ, ఒక్కటీ పోకుండా, తప్పుడు అక్షరాలతో సహా అక్కడ ఉన్నాయి. లారీ హీటరు మంట సెన్సరు. లారీ హీటరు ఫ్యాను మోటారు. లారీ హీటరు. ఇంగ్లీషు డి కొట్టి చూసింది. ఎర్మెక్‌వి ఉన్నాయి: బాయిలర్లు, వెల్డింగ్ మిషన్లు, ఆ ఒక్క ఆక్సిజన్ మిషను. హీటరు అన్న మాట ఎంత కిందికి వెళ్ళినా లేదు.

అతనికి మొదటినుంచీ తెలుసు. ఆమె వారం రోజులు చూసిన కిటికీలోంచి అతను చలికాలమంతా చూశాడు. చూసి, ఆమె ఎక్కడ తడబడుతోందో కనిపెట్టి, అడగకుండానే దారి వేసి పెట్టాడు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఆ ఆదివారం ఇంటర్నెట్‌కి మనసుందని మెచ్చుకున్న తన తెలివిని తలుచుకుంటే తనని తానే చెంపమీద కొట్టుకోవాలనిపించింది.

"అయిందా అక్కా?" ముందు గదిలోంచి బాగ్దాత్ కేకేశాడు.

అన్నీ ఎంచుకుని ఒక్క మీట నొక్కితే పోతాయి. అతనివీ పోతాయి, వాటితోపాటు ఆమెవీ పోతాయి. మంచు కరిగాక మిగిలే ఆ ఒక్క బల్లా ఆమెదే. తుడిచెయ్యమని యజమానే చెప్పాడు, ఆమె అడగను కూడా లేదు. కుల్యాష్ వేలు మీట మీద పెట్టింది. సాకెన్ గుర్తొచ్చాడు, ఇంటి అద్దె గుర్తొచ్చింది, చలిలో మిషనుని చంకకెత్తుకుని మెట్లు దిగిన మనిషి గుర్తొచ్చాడు. వేలు తీసేసింది.

"బాగ్దాత్, ఇలా రా. కుర్చీ తెచ్చుకో."

అతను కుర్చీ ఈడ్చుకొచ్చి పక్కన కూర్చున్నాడు. కుల్యాష్ తెరని అతని వైపు తిప్పింది. ఎడమచేత్తో ఆల్ట్, డి నొక్కి, రష్యన్ వ కొట్టి, ఖాళీ వదిలింది. బాగ్దాత్ వంగి, పెదాలు కదుపుతూ, పై నుంచి కింది దాకా చదివాడు.

"అబ్బో! ఇన్ని హీటర్లే! ఎంత గుట్టుగా చేశాడు ఎర్మెక్ అన్న!"

"ఎర్మెక్ ఎప్పుడూ రష్యన్ అక్షరాల్లో కొట్టడు," అంది కుల్యాష్.

బాగ్దాత్ మళ్ళీ తెర వైపు చూశాడు. తర్వాత ఆమె ఎడమచేతి వైపు చూశాడు. కీబోర్డు మార్చుకోవడం మరిచి ఆమె రోజూ గొణుక్కోవడం అతనూ ఎన్నిసార్లు వినలేదు!

"మరి... అవీ నేనే అన్నాడు కదా?"

"అన్నాడు," అంది కుల్యాష్. "నేను ఇక్కడే కూర్చుని విన్నాను. ఈ గదిలో నీతో అతను ఆడిన అబద్ధం అదొక్కటే."

ఆమె ఎత్తు కుర్చీలోంచి మెల్లిగా దిగి, పట్టకారు గుడ్డలో చుట్టుకోవడానికి తన బల్ల దగ్గరికి వెళ్ళింది.